నీళ్ళివ్వని పెళ్ళాం

ఎనభై రెండు వేసవిలో మా ఊళ్ళో నాకొక పేరు పడింది. మొగుడికి గుక్కెడు నీళ్ళివ్వని పెళ్ళాం. రేవులో బట్టలుతుకుతుంటే ఆ మాట సరిగ్గా నాకు వినబడేంత మెల్లగా అనుకునేవాళ్ళు. ఇప్పుడది ఎవరికీ గుర్తులేదు. నాకుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఊరు రాజోలుకి దిగువన, కాలవ గట్టు మీద. నా మొగుడు జోజి కొబ్బరి దింపు తీసేవాడు. పొద్దున్నే చెట్టెక్కితే నడినెత్తికి ఎండ వచ్చేదాకా తోట తోటంతా కాయలు దింపి పడేసేవాడు. నాకు మేనత్త కొడుకు, కాబట్టి పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. మా అత్త మరియమ్మ మా నాన్నకి తోడబుట్టిన అక్క. నన్నెత్తుకుని పెంచింది కాబట్టి నన్నేమన్నా చెల్లుతుందని ఆవిడ నమ్మకం. మా ఇంట్లో ఉప్పు జాడీ దగ్గరనుంచి నీళ్ళ కడవ దాకా అన్నీ ఆవిడ చేతికిందే నడిచేవి.

ఈస్టరు వెళ్ళిన కొద్దిరోజులకి, తోటలో ఎండు కమ్మలు ఒకచోటికి లాగుతుంటే ఆ కుప్ప కిందనుంచి రక్తపింజరి బావ కాలి మీద కాటేసింది. రాజోలులో విరుగుడు సూదులు వేసి అమలాపురం తీసుకెళ్ళమన్నారు. అక్కడ డాక్టరు మాణిక్యాలరావుగారికి కాలవ పక్కన చిన్న ఆసుపత్రి ఉండేది. విషం విరిగింది. చిగుళ్ళ నుంచి కారే రక్తం ఆగింది. కాలి వాపు తీసింది. అత్త ఆసుపత్రి అరుగు మీదే మోకాళ్ళూని స్తుతి చెల్లించింది. చూడటానికి వచ్చినవాళ్ళంతా గండం గడిచిందని చెప్పుకుంటూ బస్సెక్కారు.

గండం గడవలేదు. బావకి మూత్రం ఆగిపోయింది.

డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివానని తెలిసి, అత్తతో కాకుండా నాతో మాట్లాడారు. అత్తకి ఆ కోపం ఒకటి.

“చూడమ్మా, మనిషి ఒంట్లో నీళ్ళూ ఉప్పులూ ఒక లెక్కలో ఉంటాయి. ఎక్కువైతే బయటికి తోసేవీ, తక్కువైతే పట్టి ఉంచేవీ మూత్రపిండాలే. పాము విషానికి అవి సొమ్మసిల్లి పడ్డాయి. చావలేదు. లేస్తాయి. లేచేలోగా మనం పోసిందల్లా ఒంట్లోనే ఉండిపోద్ది. ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లోకి చేరుద్ది.”

“ఎన్నాళ్ళకి లేస్తాయండీ?”

“రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆయాసం వస్తే కాకినాడ పంపించేస్తాను, అక్కడ పొట్టలోంచి గొట్టం వేసి రక్తం శుభ్రం చేస్తారు. అందాకా మనిషిని నిలబెట్టుకోవడమే మన పని. నాకంటే నీ పనే ఎక్కువ.”

ఆయన ఒక హార్లిక్స్ సీసా తెప్పించి దానికి అడ్డంగా తెల్లటి ప్లాస్టరు ముక్కలు అంటించారు. రోజంతా వచ్చిన మూత్రం అందులో పట్టాలి. ఎంత వచ్చిందో అంత, దాని మీద చెమటకీ ఊపిరికీ పోయేదానికి రెండు గ్లాసులు. అంతవరకే నీళ్ళు. ఉప్పు లేని చప్పిడి కూడు. అరటిపండు వద్దు. కొబ్బరినీళ్ళు అసలే వద్దు.

“పొటాషియమని ఒక ఉప్పుందమ్మా. నాలిక్కి ఉప్పగా తెలీదు. కొబ్బరినీళ్ళ నిండా అదే. ఆరోగ్యంగా ఉన్నవాడికి మేలు చేస్తది. మూత్రం రానివాడికి గుండె ఆపేస్తది.” ఆయన సీసా నా చేతిలో పెట్టారు. “ఎంత దిగితే అంత ఎక్కాలి. దిగనప్పుడు ఎక్కకూడదు. ఇంకేం గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకో.”

“ఆయ్,” అన్నాను.

మొదటిరోజు సాయంత్రానికి ఆ సీసా అడుగు కూడా తడవలేదు.

రెండు గ్లాసుల నీళ్ళతో వేసవిలో ఒక దింపు కార్మికుడు రోజంతా ఎలా ఉంటాడో చూసినవాళ్ళకి తెలుస్తుంది. బావ కళ్ళు నా చేతుల వెంట తిరిగేవి. తడిగుడ్డతో మొహం తుడిస్తే ఆ గుడ్డ పళ్ళతో పట్టుకునేవాడు. ఒకరోజు, “నోరు చేదుగా ఉందే. పుక్కిలించి ఉమ్మేస్తాను, నీ మీదొట్టు,” అన్నాడు. సరేనని ఇచ్చాను. పుక్కిలించాడు. గొంతు ముడి కదిలింది. ఉత్త నోరు తెరిచి చూపించాడు, సిగ్గు లేకుండా.

మధ్యాహ్నం ఇచ్చే గ్లాసులోంచి ఆ గుక్కెడూ తగ్గించి ఇచ్చాను.

అత్త చూసింది. “గుక్కెడు మింగితే దానికీ లెక్కేనే? పగవాడి నోట్లోనైనా పోసేస్తారే నీళ్ళు.”

“నేను పెట్టిన లెక్క కాదత్తా. డాక్టరుగారు పెట్టేరు.”

“ఆయనకేం. ఆయన కొడుకా?”

ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు ముక్క తెచ్చి, చిన్న పలుకులు చేసి నాలిక మీద పెడితే రెండు గ్లాసులు ఎక్కువసేపు వస్తాయని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. రోజూ వెళ్ళి తెచ్చేదాన్ని. వచ్చేటప్పటికి చీర కొంగు తడిసేది. ఆ తడి కొంగు చూసి కూడా, దీనికి మాత్రం ఐసు కావాలి అన్నవాళ్ళున్నారు.

అదంతా ఒక ఎత్తు, బొండాలు ఒక ఎత్తు. రోగిని చూడటానికి మావాళ్ళెవరూ వట్టి చేతులతో రారు. తలా రెండు బొండాలు తెస్తారు. దింపు తీసేవాడు మంచాన పడితే ఇక చెప్పాలా? తోటి దింపువాళ్ళు గెలలకి గెలలే తెచ్చారు. ఆసుపత్రి అరుగు సంతలా తయారైంది. మంచం మీదనుంచి బావకి ఆ ఆకుపచ్చటి గుట్ట కనబడేది. నేను తలుపు వేసేదాన్ని. గాలి ఆడట్లేదని అత్త తీసేది.

బావతో జోడుగా చెట్లెక్కే పెదబాబు ఒకరోజు సైకిలు మీద గెల కట్టుకుని, ఎండనపడి రాజోలు వైపు నుంచి తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా పిండితే చెంబెడు నీళ్ళొచ్చేలా ఉంది. వస్తూనే కత్తి తీసి బొండం చెక్కబోయాడు.

“వద్దన్నయ్యా. కొబ్బరినీళ్ళు పడకూడదన్నారు డాక్టరుగారు.”

పెదబాబు కత్తి ఆపి నావైపు చూశాడు. “కొబ్బరినీళ్ళు వద్దన్న డాక్టరు కోనసీమలో ఉన్నాడా చెల్లెమ్మా? పుట్టిన పిల్లకీ పోయే ముసలాడికీ మనం పోసేది అదేగా.”

“ఇప్పుడీయనకి అదే విషమంట. గుండె ఆగిపోద్దంట.”

“ఎవరన్నారు?”

“డాక్టరుగారే అన్నారు.”

“మరి నేను చెట్టెక్కి కోసి తెచ్చేను కదా.”

చెట్టెక్కి కోసి తెస్తే పొటాషియం పోతుందా? పక్క మంచాల వాళ్ళకి ఇమ్మన్నాను. అతను కత్తి మొలలో దోపుకుని, గెల అరుగు మీద పడేసి, బావతో ఒక్క మాటయినా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మర్నాటికి ఊళ్ళో నా పేరు ఇంకొంచెం గట్టిపడింది.

ఆఖరికి మా పాస్టరు కృపారావుగారు ప్రార్థన చెయ్యడానికి వచ్చినప్పుడు కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆదివారం ఆరాధనలో చెప్పండి, ఎవరూ బొండాలు తేవొద్దని, ఎవరూ నీళ్ళు పట్టొద్దని. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, “చూద్దామమ్మా, సంఘపెద్దలతో ఒకమాట అనుకుని,” అన్నారు. నీళ్ళు తాగొద్దని చెప్పడానికి సంఘపెద్దలెందుకో నాకర్థం కాలేదు.

ఆయన పెద్దలతో మాట్లాడేలోపే ఆ పని జరిగిపోయింది. నేను ఐసు కోసం వెళ్ళి వచ్చేసరికి బావ వెల్లకిలా పడి ఉన్నాడు. చెయ్యెత్తమంటే లేవలేదు. నా వేలు గట్టిగా పట్టుకోమంటే చంటిపిల్లాడిలా పట్టుకున్నాడు. మాట ముద్దగా వస్తోంది. నాడి చూస్తే ఒకటి కొట్టి, ఇంకోటి కొడుతుందో లేదో అన్నంత ఆలస్యంగా కొట్టింది. నేను అరిచిన అరుపుకి డాక్టరుగారు తింటున్న అన్నం చేత్తోనే వచ్చారు.

ఆయన చేతులు కడుక్కుని నరంలోకి ఒక సూదిమందు, బొట్టు తర్వాత బొట్టుగా, స్టెతస్కోపు గుండె మీద పెట్టుకుని ఎక్కించారు. తర్వాత గ్లూకోజులో ఇంకేదో కలిపి పెట్టారు. చాలాసేపటికి బావ నా వేలు నొక్కాడు. అప్పుడు డాక్టరుగారు మంచం కిందకి వంగి, మూతి చెక్కిన బొండం ఒకటి తీసి అత్త ముందు పెట్టారు.

“గంగాబొండమండీ,” అంది అత్త. “మా పెరట్లోదే. చిన్నప్పటినుంచి వాడికి అదంటే ప్రాణం. నోరెండిపోతుందమ్మా అన్నాడండీ.”

ఆయన అరవలేదు. “ఇంకోసారి ఇస్తే నేను రానమ్మా. మీ పాస్టరుగారికి కబురు పెట్టుకోండి,” అని వెళ్ళిపోయారు.

అత్త గోడకి చేరగిలబడి కూర్చుంది. నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. కొట్టాలనిపించింది. సాయంత్రం ఆవిడ లేచి, మొహం కడుక్కుని, బైబిలు తెచ్చి బావ మంచం పక్కన నిలబడింది.

“ప్రభువా, నా చేత్తో నా కొడుకుని చంపుకోబోయేను. వీడు తన కాళ్ళమీద చర్చికి నడిచొచ్చేదాకా వీడెంత తాగితే నేనూ అంతే తాగుతాను. ఒక్క చుక్క ఎక్కువ ముట్టను.” తర్వాత బావ చెయ్యి బైబిలు మీద పెట్టించింది. “నువ్వు కూడా అనరా. చర్చికెళ్ళేదాకా రోజుకి రెండు గ్లాసులు దాటి తాగనని.”

బావ అన్నాడు. గుండె ఆగడమంటే ఏమిటో అతనికి ఆ మధ్యాహ్నం తెలిసింది. ఒట్టు కంటే ఆ భయం గట్టిది.

అప్పట్లో నాకది వరంలా అనిపించింది. అత్తే గుమ్మంలో కాపలా కూర్చుంది. వచ్చినవాళ్ళ బొండాలు వాకిట్లోనే తిప్పి పంపేసింది. పాస్టరుగారు కూడా, అత్త చెప్పాక, వెంటనే ఆరాధనలో ప్రకటన చేశారు. నేను చెబితే పెద్దల్ని అడగాల్సిన మాట, ఆవిడ చెబితే దేవుడి మాటైంది. పోనీలే, పని జరిగిందని ఊరుకున్నాను. చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

ఒక పొద్దున సీసాలో మొదటి ప్లాస్టరు ముక్క దాటింది. మర్నాడు సగానికి వచ్చింది. ఆ తర్వాత సీసా నిండి, ఇంకో సీసా కావాల్సి వచ్చింది. పరాయి మనిషి మూత్రం చూసి ఏడ్చిన నర్సమ్మని నేను అక్కడే చూశాను. అత్త స్తుతి చేసింది. ఇక ఇంటికి తీసుకుపోతామంది. డాక్టరుగారు ఇంకొన్నాళ్ళు ఉంచమన్నారు. లేచినవాడిని పడుకోబెట్టకూడదని అత్త పట్టుబట్టింది. బావకి కూడా ఇంటి మీదే మనసు. సరేనని, ఆయన మా ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పారు.

“ఇప్పుడు గండం అటునుంచి ఇటొచ్చింది. మూత్రపిండాలు లేచాయి గానీ వాటికింకా పని గుర్తురాలేదు. లాకు తలుపు మూతపడకపోతే కాలవ నీళ్ళన్నీ పోయినట్టు, ఒంట్లో నీళ్ళూ, ఉప్పూ, ఆ పొటాషియమూ అన్నీ వదిలేస్తాయి. పోయినదంతా తిరిగి పొయ్యాలి. నీళ్ళు తాగించండి. గంజిలో ఉప్పేసి ఇవ్వండి. పులిసిన తరవాణి ఇవ్వండి. బొండాలు ఇవ్వండి.”

“లెక్క మారిందాండీ?” అన్నాను.

“లెక్క మారలేదమ్మా. సీసా మారింది. అప్పుడు దిగలేదు, ఇవ్వలేదు. ఇప్పుడు దిగుతోంది, ఇవ్వాలి. ఇలా చెయ్యి మీద చర్మం గిల్లి వదులు. వెంటనే సర్దుకుంటే సరే. ముడత అలాగే నిలబడితే ఒంట్లో నీళ్ళు చాలట్లేదని.”

అత్త “ఆయ్, ఆయ్” అని తలూపింది. బస్టాండులో నాతో అంది కదా, “ఆ వేళ బొండం ఇస్తే మళ్ళీ రానన్నాడు. ఇవాళ ఇమ్మంటున్నాడు. మనల్ని పరీక్ష చేస్తున్నాడే. మాట మీద ఉంటామో లేదో చూస్తున్నాడు.”

నేను నవ్వేననుకుంటాను. ఆవిడ నవ్వలేదు.

ఇంటికి రాగానే అత్త తరవాణి కుండ కడిగి బోర్లించింది. ఉప్పు జాడీ అటకెక్కించింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. బావకొకటి, తనకొకటి. బావ రోజుకి నాలుగైదు సీసాలు దింపుతున్నాడు. నేను గ్లాసు పట్టుకుని వెళితే మొహం తిప్పుకునేవాడు. మొన్నటిదాకా పుక్కిలించే నీళ్ళు దొంగతనంగా మింగిన మనిషి.

“తాగు బావా. నీకు దాహం లేదూ?”

“ఉంది. అలవాటైపోయింది.”

“డాక్టరుగారు తాగమన్నారు.”

“ఒట్టేసేను కదే. ఆ రోజు నా గుండె నీకు తెలీదు. నాకు తెలుసు.”

అత్త వెనకనుంచి అందుకుంది. “నిన్నటిదాకా నీళ్ళిస్తే చస్తాడన్నావు. ఇవాళ నీళ్ళివ్వకపోతే చస్తాడంటావు. నీకు ఒక మాట లేదేంటే?”

“ఒక మాటే అత్తా. ఎంత దిగితే అంత ఎక్కాలి. మొదట్నించీ అదే చెప్తున్నాను.”

“దిగింది ఎందుకు? నీళ్ళు మానేసేం కాబట్టి దిగింది. మొక్కు ఫలించింది. ఇప్పుడు మొక్కు తప్పితే మళ్ళీ ఆగిపోద్ది.”

ఈ వాదనకి తల ఎక్కడో తోక ఎక్కడో చెప్పగలిగినవాళ్ళుంటే రమ్మనండి. నాకైతే గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

పోనీ నేనే బొండాలు తెచ్చి, ఎలాగోలా నోట్లో పోద్దామని పెదబాబు దగ్గరికి వెళ్ళాను. అతను చెట్టు దిగి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

“నేనా? కొయ్యను చెల్లెమ్మా. చర్చిలో చెప్పేరు. నువ్వు కూడా చెప్పేవు. జోజిగాడి గుండె నా చేత్తో ఆపుతానా?”

“అప్పుడు వద్దు అన్నయ్యా. ఇప్పుడు కావాలి.”

“ఆ వేళ ఎండలో తొక్కుకుంటూ తెస్తే వద్దన్నావు. ఆ తర్వాత మాకూ అర్థమైంది, నువ్వే రైటని. ఇప్పుడు నువ్వే తప్పుతున్నావు.” అతని మొహంలో కోపం కూడా లేదు, నా మంచి కోరుతున్నట్టే ఉంది. అదే నన్ను ఎక్కువ మండించింది.

నాలుగు గుమ్మాలెక్కి దిగాను. వేసవికాలం, కోనసీమ, తలెత్తితే బొండాలు. నాకు ఒక్కటంటే ఒక్కటి ఎవరూ ఇవ్వలేదు. అందరూ నాకు బుద్ధి చెప్పే పంపించారు. మా గంగాబొండం చెట్టు కింద నిలబడి పైకి చూశాను. దింపు కార్మికుడి పెళ్ళాన్ని, నాకు చెట్టెక్కడం రాదు.

పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. మొక్కు నుంచి మీరైనా విడిపించండి, మీరు చెబితే వింటుంది అన్నాను. ఆయన సానుభూతిగా విన్నారు. “నిజమేనమ్మా. శుక్రవారం కూటంలో ప్రార్థించి, దేవుని చిత్తమేంటో కనుక్కుని చెబుదాం,” అన్నారు.

“శుక్రవారం దాకా ఆ మనిషి ఉండాలి కదండీ,” అన్నాను.

“అలా అనకూడదమ్మా.”

ఇంటికొచ్చేసరికి బావ పిక్కలు పట్టేసి మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. లేచి కూర్చోబెడితే కళ్ళు తేలేశాడు. చెయ్యి మీద చర్మం గిల్లి వదిలాను. ముడత నిలబడింది. నేను పొయ్యి రాజేసి గంజి కాచాను. అటకెక్కి ఉప్పు దించాను. అత్త ఆపడానికి రాలేదేమిటా అని చూస్తే, ఆవిడ దొడ్లో బిందె పక్కన పడి ఉంది.

రోహిణి ఎండలో నీళ్ళు తోడబోయి పడిపోయింది. నేనూ పక్కింటి అచ్చాయమ్మా మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టాం. అరుపుకి గట్టు మీద పోతున్న పెదబాబు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ పెదాలు అట్టకట్టి ఉన్నాయి. చెయ్యి గిల్లాను. ఆవిడ ముడత కొడుకు ముడత కంటే ఎత్తుగా నిలబడింది.

గంజి గ్లాసు నోటికి పెట్టాను. ఆవిడ పళ్ళు బిగించింది. తల అడ్డంగా ఊపింది.

“వాడు తాగినంతే,” అంది. గొంతు పైకి రాలేదు.

బావ మంచం మీదనుంచి, “అమ్మకి పట్టవే, పట్టు,” అంటున్నాడు.

నేను లేచి గ్లాసు అతని దగ్గరికి తీసుకెళ్ళాను. “విన్నావుగా బావా. నువ్వు తాగితేనే తాగుద్దంట.”

“నా ఒట్టు?”

“నీ ఒట్టు నువ్వూ దేవుడూ చూసుకోండి. నేను చెప్పేది ఒక్కటే. నువ్వు తాగకపోతే ఆవిడ ఈ పూట దాటదు. నువ్వెన్నాళ్ళు దాటతావో నాకు తెలీదు. నాకు ఓపిక లేదు. ఇంక నేనెవరికీ చెప్పను.”

గ్లాసు అతని చేతికి అందేలా పెట్టేసి నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నిజంగానే అనుకున్నాను, ఇద్దరూ పోతే పోనీ అని. కాసేపటికి గ్లాసు నేలకి తగిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే అది ఖాళీగా ఉంది. బావ చేత్తో మూతి తుడుచుకుంటూ, “అమ్మా, తాగేనే,” అన్నాడు.

అత్త కళ్ళు తెరిచి ఖాళీ గ్లాసు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

ఇద్దరికీ మార్చి మార్చి పోశాను. గంజి అయిపోతే మళ్ళీ కాచాను. పెదబాబు గుమ్మంలోంచి, “ఇప్పుడు కొయ్యొచ్చా చెల్లెమ్మా?” అని మెల్లగా అడిగాడు. నేను తలూపాను. అతను మా గంగాబొండం చెట్టే ఎక్కాడు.

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే ఇద్దరికీ పక్కపక్క మంచాల మీద సెలైను పెట్టారు. ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను మాత్రం, “నువ్వేమైనా తిన్నావా అమ్మా?” అని అడిగారు. ఆ వేసవిలో నన్నామాట అడిగింది ఆయనొక్కరే.

తర్వాత బావ తాగడం మొదలుపెట్టాడు చూడండి, కాలవకి నీళ్ళొదిలినట్టే. అత్త మొక్కు మాత్రం ఇంకా తీరలేదు కదా, వాడెంత తాగితే అంత తాగాలి. రెండు రోజులు గ్లాసుకి గ్లాసు పోటీపడి, పొట్ట పట్టుకుని, “ఒరే, నెమ్మదిగా తాగరా, నీకు పుణ్యముంటది,” అంది. మూడో రోజు నుంచి ఎప్పటికైనా మనవలు పుడితే ఉగ్గు పట్టడానికని దాచిన గిన్నె బయటికి తీసింది. బావ గ్లాసు తాగితే తను ఉగ్గుగిన్నెడు. వాడెన్నయితే తనూ అన్నే కదా, తప్పేముందని దేవుడికి తనే సర్దిచెప్పుకుంది. ఆ తెలివి కొంచెం ముందొచ్చి ఉంటే బాగుండేదని నాకనిపించింది.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం బావ కర్ర పట్టుకుని చర్చికి నడిచాడు. ఆ ఏడు మరి చెట్టెక్కొద్దన్నారు డాక్టరుగారు. ఆరాధన అయ్యాక అత్త సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు నీళ్ళు మానమంటే మానేమని, తాగమంటే తాగేమని చెప్పింది. పాస్టరుగారి ప్రకటన గురించి చెప్పింది. డాక్టరుగారి చేతి చలవ గురించి చెప్పింది. పెదబాబు చెట్టెక్కి బొండాలు దింపిన సంగతి కూడా చెప్పింది. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్న నా గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను కూడా అన్నాను, పళ్ళు కొరుక్కుంటూ.

బయటికొచ్చాక అత్త చర్చి వెనక కడవ దగ్గర నిలబడి నన్ను చెయ్యూపి పిలిచింది. మొక్కు తీరిపోయింది. ఇక ఆవిడ ఎవరి గ్లాసూ చూడక్కర్లేదు. చెంబు చేతిలో పట్టుకుని, కడవలోకి చూస్తూ, ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆవిడ నన్ను దేనికీ సలహా అడగలేదు.

“ఏమే కృపా, ఇప్పుడు నేనెంత తాగాలే?”

“నీకు దాహమేసినంత తాగు అత్తా. తీరితే ఆపేసెయ్యి. నీ మూత్రపిండాలు బాగానే ఉన్నాయి, మిగతాది అవే చూసుకుంటాయి.”

“అంతేనా?”

“అంతే.”

అత్త చెంబు ముంచుకుని, ఎత్తి పట్టి గటగటా తాగింది. నీళ్ళు మెడ మీదుగా రవికలోకి కారాయి. చెంబు దించి, ఊపిరి పీల్చుకుని, నావైపు తప్పంతా నాదే అన్నట్టు చూసింది.

“ఈ మాటేదో ముందే చెప్పొచ్చు కదే,” అంది.

మొగుడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది. కోపంతోనే వచ్చింది. అక్కడే చర్చి గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. కొడుకు బతికినందుకు సంతోషం పట్టలేక ఏడుస్తోందని అత్త వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పింది.